తానూ పీలికలూ

లోలాక్షి ఒక్క ఊపున నడిచేసింది.
లాంజిగఢ్ దాటాక కొండ చెమ్మగిల్లే చోటు నుంచి
కళింగపట్నం ఉప్పునీళ్ల దాకా
వంశధార వెంట పద్దెనిమిది రోజులు,
ఒకటే జత చెప్పులు, ఒకటే గొడుగు.
తిరిగొచ్చి నా కొట్టు బల్ల మీద కాళ్లు చాపింది.
రెండు గోళ్లు లేవు.
"కత్తెర పడని తానులాగుంటాదే" అంది.
"మూడో రోజుకి ఏ వారమో మర్చిపోతావు.
పదో రోజుకి, ఎవరు ఎవర్ని పిలిచినా
ఏటినే పిలుస్తున్నారనుకుంటావు."

నాది కాశీనగర్ బస్టాండు వెనక టైలరు కొట్టు.
పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరాడదు,
బడులు తెరిచే ముందు అసలే ఆడదు.
నాకున్నవి ఆదివారాలు, అవీ అన్నీ కావు.
అంచేత ఏటిని పీలికలుగా నడుస్తున్నాను, నాలుగేళ్లై.
పోయినసారి ఆపిన చోటికి బస్సులో పోయి దిగుతాను.
గుర్తుకి అక్కడో గుడ్డముక్క కట్టి ఉంటాను,
తుమ్మకొమ్మకో, నీళ్లపంపు గొట్టానికో.
సగంసార్లు దాన్ని మేక తినేసి ఉంటుంది.

గుడారి పీలిక పుష్యమాసంలో.
మంచులో ఏరు కనపడలేదు,
పక్కనెవరో నూలు వడుకుతున్నట్టు చప్పుడు మాత్రం.
గునుపురం పీలిక రెండుసార్లు, మొదటిసారి వాన తరిమేసింది.
బత్తిలి దగ్గర రాయి మీద లిపి మారింది,
బండ మీద బట్ట బాదే చప్పుడు మారలేదు.
అటు "కుఆడె జాఉఛ" అన్నవాళ్లకీ
ఇటు "ఎక్కడికెళ్తన్నావమ్మా" అన్నవాళ్లకీ
చెయ్యి చాపి చూపించాను, అంతే: కిందికి.

"నీది అతుకుల బొంత నడక" అని నవ్వుతుంది లోలాక్షి.
ఔను.
కానీ గుడ్డ రెండు మందాలుండేది అతుకు దగ్గరే.
ఆపిన ప్రతి చోటూ నేను రెండుసార్లు చూస్తాను,
అలసిన కళ్లతో ఓసారి,
ఆరునెలలకి బస్సు దిగిన కళ్లతో ఓసారి.
సౌర పల్లెలో చోడంబలి పోసిన సుంబారికి
మొదటిసారి ఏడో నెల.
రెండోసారి వెళ్తే పిల్లని నా ఒళ్లో పడేసి
కట్టెలకి పోయింది, సాయంత్రం దాకా రాలేదు.
ఆ రోజు నేను నడిచింది సున్నా.

అయినా తెలుసు,
పదో రోజు ఏమవుతుందో నాకు ఎప్పటికీ తెలియదని.
నా కాళ్లకి ఎప్పుడూ మొదటి రోజే.
కండ పట్టుకుంటుంది, దారి కాస్త నోరు విప్పేలోపు
ఆఖరి బస్సు హారను.
ఈ మాట తలకెక్కిన రోజు
మిషను తొక్కుడు తప్పుతుంది, కుట్టు విప్పుకోవాలి.

పోయిన నెల కొట్టు కట్టేశాక
నమూనాల కాగితం మీద గీసుకున్న ఏటిని పరిచాను.
నడిచినంత మేరా సుద్దగీత.
కణుపంత చోటు ఖాళీ.
ఎక్కడా అని వంగి చూస్తే
పాత పడవరేవు నుంచి ఇటుకబట్టీల దాకా, మా ఊరే.
ప్రతిసారీ బస్సు నన్ను ఇక్కడే ఎక్కించుకుంది,
ఇక్కడే దించింది.

లోలాక్షిని అడిగాను:
"ఏటి ఒడ్డు నుంచి మా ఊరు ఎలాగుంటాదే?"
ఆలోచించింది.
"రాత్రయిపోయింది. కుక్కలు మొరిగాయి.
ఎక్కడో మిషను ఆడుతున్న చప్పుడు."

అది మాఘం. పెళ్లివారి జాకెట్లు పదకొండు.
ఆ రాత్రి ఊళ్లో మేలుకున్న మిషను ఒకటే.

"పిలవలేదేం?" అన్నాను.
"ఆగితే తాను తెగిపోతాది కదే."

నేనేమీ అనలేదు.
తాను తెగకుండా నడిచింది తాను.
నేనైతే ఆగి ఉందును, టీ తాగి ఉందును,
తెల్లారి ఇంటికి పోయి ఉందును.

రేపు ఆదివారం.
ఉన్నది రెండు మైళ్లు, గంట పని.
లోలాక్షి తోడొస్తానంది, వద్దన్నాను,
మళ్లీ రమ్మన్నాను.
ముందు ఈ జాకెట్టుకి
ఎడమ చెయ్యి అతకాలి.